నిమ్మతోటకు నీళ్లు: పారించాలా, డ్రిప్పా?

మన ఏలూరు జిల్లాలో కొల్లేరు వైపు పొలాలకు కాలువ నీరుంది. చింతలపూడి, కామవరపుకోట మెట్టలో మాకు బోరే ఆధారం.

ముందు నా నిమ్మతోటలో చెట్టు నుంచి చెట్టుకు నీళ్లు పారించేవాణ్ని. కాండాలకు బంక తెగులు వచ్చింది. ఒక చెట్టు తెగులు నీటితోపాటే పక్క చెట్టుకు పాకుతుందని ఆలస్యంగా తెలిసింది. తర్వాత డ్రిప్ వేశాను. చెట్లు పెరిగినా డ్రిప్పర్లను కాండం పక్కనే వదిలేశాను. కాండం తడిసింది, దూరపు వేళ్లు ఎండాయి, పిందె రాలిపోయింది.

మూడు పద్ధతులూ చూద్దాం:

1. పారుదల: ఖర్చు తక్కువ. నీరు వృథా, తెగులు భయం.

2. జంట పాదులు: కాండం చుట్టూ చిన్న గట్టు, బయట పెద్ద గట్టు. మధ్యలోనే నీరు. ప్రతి పాదుకీ విడిగా పెట్టాలి. డ్రిప్ లేనివారికి ఇదే మేలు.

3. డ్రిప్: గంటకు 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు పెడితే రెండు గంటల్లో 64 లీటర్లు. జీవామృతం వడకట్టకపోతే రంధ్రాలు మూసుకుపోతాయి.

ఏ పద్ధతైనా మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ అంచు పడేచోటే నీళ్లివ్వండి. అక్కడ ఎండుగడ్డితో ఆచ్ఛాదన చేయండి, కాండానికి తగలనీయకండి. వేళ్లకు నీటితోపాటు గాలీ కావాలి. అదే వాఫస.

డ్రిప్పర్లు ఎలా జరిపానో వీడియోలో చూపించాను. ఈరోజే మీ తోటలో ఒక్క చెట్టు కింద చూడండి, తడి ఎక్కడుందో.