క్లారినెట్ శ్రుతి దించడం ఎలా?

పిల్లలూ! ఒక ఖాళీ సీసా మూతి మీద ఊదండి. బొంగురు ధ్వని వస్తుంది. సగానికి నీళ్ళు పోసి మళ్ళీ ఊదండి. ఈసారి ధ్వని సన్నగా ఉంటుంది. లోపల గాలికి చోటు తగ్గింది కనుక శ్రుతి హెచ్చింది. గొట్టపు వాద్యాలలోనూ ఇంతే: గొట్టం పొడవైతే శ్రుతి దిగుతుంది.

మన ఊళ్ళలో పెళ్ళి ఊరేగింపుల బ్యాండుమేళంలో నల్లని పొడుగాటి వాద్యం చూశారా? అదే క్లారినెట్. మౌత్‌పీస్, దాని కింద బ్యారెల్ అనే పొట్టి గొట్టం, రంధ్రాలున్న రెండు పెద్ద ముక్కలు, చివర గంటలాంటి బెల్ - వీటిని ఒకదానిలో ఒకటి బిగిస్తారు.

కొంతసేపు ఊదగానే లోపలి గాలి వేడెక్కుతుంది. వేడిగాలిలో ధ్వని వేగంగా పోతుంది. అందువల్ల శ్రుతి పైకి పోతుంది. పక్కనున్న పియానో దిగి రాదు కదా! క్లారినెట్టే దిగాలి. వాద్యకారుడు బ్యారెల్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లాగుతాడు. పెదవులు వదులుచేసి దించేవారూ ఉన్నారు, కాని అలా చేస్తే నాదం చెడుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. అన్ని రంధ్రాలూ మూసినప్పుడు గాలి గొట్టమంతా పోతుంది. రంధ్రాలన్నీ తెరిచినప్పుడు అందులో సగం దూరమైనా పోదు. పొడుగు దారికి రెండు మిల్లీమీటర్లు కలిపితే తేడా కొంచెమే. పొట్టి దారికి అదే రెండు మిల్లీమీటర్లు చాలా ఎక్కువ. అందుచేత స్వరాలన్నీ సమానంగా దిగవు. కొందరు మధ్య కీలునూ, బెల్‌నూ కూడా కాస్త లాగి సరిచేస్తారు.

బ్యారెల్ లాగినచోట లోపల సందు ఏర్పడుతుంది. ఊపిరి తడి అక్కడ చేరుతుంది. ఆ సందులో పట్టే సన్నని ఉంగరాలు ఉన్నాయి. వాటిని ట్యూనింగ్ రింగులంటారు. తరచుగా శ్రుతి దించవలసినవారు రింగులకు బదులు కొంచెం పొడవైన బ్యారెల్ కొనుక్కోవడం మేలు.

అయితే వీటికీ హద్దు ఉంది. 19వ శతాబ్దం చివర ఇంగ్లండులో చాలా బ్యాండ్లు 'ఎ' స్వరాన్ని సెకనుకు సుమారు 452 కంపనలకు పెట్టుకునేవి. 1939లో లండన్ సమావేశం దానిని 440గా నిర్ణయించింది. పాత క్లారినెట్‌ను అంత దించాలంటే గొట్టం సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు పెరగాలి. రంధ్రాలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి! ఏ ఉంగరమూ దానిని బాగుచేయలేదు.

పాటనే అర స్వరం దించాలంటే వేరే వాద్యం తీసుకోవలసిందే. మామూలు బి-ఫ్లాట్ క్లారినెట్ పక్కన కాస్త పొడవైన 'ఎ' క్లారినెట్ ఉంటుంది. వేళ్ళ పద్ధతి రెంటికీ ఒకటే. మొజార్ట్ 1791లో క్లారినెట్ కోసం రాసిన ప్రసిద్ధ కచేరీ రచనను ఈనాడు ఎక్కువగా దానిమీదనే వాయిస్తారు.

ఆలోచించండి: బ్యారెల్‌ను లాగినప్పుడు ఏ స్వరాలు ఎక్కువగా దిగుతాయి? ఎందువల్ల?