లక్కను తినే మట్టిరంగు రెక్కల పురుగు

(విజ్ఞాన శీర్షిక)

సీతాకోకచిలుక అంటే మనందరికీ ఇష్టం. దానికి పాటలున్నాయి, బొమ్మలున్నాయి. రాత్రి ట్యూబ్‌లైటు కింద తిరిగే మట్టిరంగు రెక్కల పురుగుకు మాత్రం ఏమీ లేవు. పొద్దున్నే చీపురుతో ఊడ్చేస్తాం. ఈసారి అలాంటి ఒక పురుగు గురించి రాస్తున్నాను. అది వేలిగోరంత కూడా ఉండదు. కానీ మనలాంటి వాళ్ల సంత డబ్బులు తినేస్తుంది.

ముందు లక్క గురించి

కొడవలికి పిడి ఊడకుండా బిగించేది లక్కతోనే కదా. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే రంగు కూడా లక్కే. లక్క చెట్టు జిగురు కాదు. కెరియా లాక్కా అనే చిన్న పురుగు చెట్టు రసం పీల్చి, తన ఒంటి చుట్టూ కట్టుకునే ఇల్లు. మోదుగ, రేగు, కుసుమ చెట్ల లేత కొమ్మల మీద ఇది బతుకుతుంది. ఆడపురుగు ఒకసారి కొమ్మను పట్టుకుని కూర్చుంటే ఇక కదలదు. ఏడాదికి రెండు పంటలు వస్తాయి. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, పశ్చిమ బెంగాల్, ఒడిశా రాష్ట్రాల్లో లక్క ఎక్కువ. పండించేవాళ్లలో చాలామంది ఆదివాసులే.

లక్క పురుగు కదలదు కాబట్టి శత్రువు వస్తే పారిపోలేదు. అట్లాంటి శత్రువుల్లో రెండు రెక్కల పురుగులు ముఖ్యం.

ఒకటి ముద్దుది, ఒకటి దుమ్ముది

మొదటి దాని పేరు యూబ్లెమా అమాబిలిస్. లాటిన్ భాషలో అమాబిలిస్ అంటే ముద్దొచ్చేది అని అర్థం. రెండోది సూడోహైపటోపా పల్వెరియా. పల్వెరియా అంటే దుమ్ము కొట్టుకున్నది! మన కథ ఈ దుమ్ముదాని గురించే. రెంటినీ ఇలా గుర్తుపట్టాలి.

1. రంగు: అమాబిలిస్ తెల్లగా, లేత రంగుగా ఉంటుంది. పల్వెరియా బూడిద కలిసిన మట్టిరంగు.

2. రెక్కలు: పల్వెరియా ముందు రెక్కలు సన్నగా పొడుగ్గా ఉంటాయి. వెనక రెక్కలు ఇంకా సన్నం. వాటి అంచుకు వెంట్రుకల కుచ్చు ఉంటుంది. భూతద్దంలో చూస్తే పక్షి ఈకలాగా కనిపిస్తుంది.

3. గొంగళిపురుగు: అమాబిలిస్ పిల్ల పాలిపోయిన తెలుపు. పల్వెరియా పిల్ల నలుపు కలిసిన గోధుమ రంగు.

4. తిండి: అమాబిలిస్ పిల్ల బతికున్న లక్క పురుగులనే తింటుంది. పల్వెరియా పిల్ల బతికినవాటినీ తింటుంది, చచ్చినవాటినీ తింటుంది. అందుకే లక్క గీకి బస్తాలో పోసినా లోపల తింటూనే ఉంటుంది.

రంగు ఒక్కటే చూసి పేరు పెట్టకూడదు. మట్టిరంగు పురుగులు వేలల్లో ఉన్నాయి. బియ్యం బస్తాలో తిరిగే పురుగు కూడా మట్టిరంగే. రెక్కల పొడి రాలిపోతే అన్నీ ఒకేలా ఉంటాయి. అందుకే శాస్త్రవేత్తలు పురుగు పొట్ట చివరి భాగాన్ని రసాయనంలో మెత్తబరిచి మైక్రోస్కోపు కింద చూస్తారు. అక్కడి ఆకారం ఒక్కో జాతికి ఒక్కో రకం. తాళానికి తాళంచెవి లాగా అన్నమాట.

పేరు పెట్టింది ఒక బడి మాస్టారు

పల్వెరియాకు పేరు పెట్టినాయన ఎడ్వర్డ్ మెరిక్ (1854-1938). ఇంగ్లండులో బడి మాస్టారు. పాఠాలు చెప్పుకుంటూనే చిన్న రెక్కల పురుగులకు పది వేలకు పైగా పేర్లు పెట్టారు. మన దేశం నుంచి పురుగులను పెట్టెల్లో ఆయనకు పంపేవాళ్లు. ఆయన సేకరణ ఇప్పుడు లండన్ మ్యూజియంలో ఉంది. 1924లో రాంచీ దగ్గర నాంకుంలో లక్క పరిశోధన సంస్థ పెట్టారు. అక్కడ ఈ శత్రువుల బతుకు మీద పని జరిగింది. 2022లో ఆ సంస్థ పేరు జాతీయ ద్వితీయ వ్యవసాయ సంస్థ అని మారింది.

ఇది ఎక్కడెక్కడ ఉంది?

మన దేశంలో లక్క పండే చోట్ల ఉంది. చైనాలో యునాన్ లక్క తోటల్లోనూ ఉంది. దీని పిల్లకు లక్క కావాలి కాబట్టి లక్క ఉన్న దారినే పోతుంది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి విత్తన లక్క పుల్లలు మోసుకుపోతే, లోపల దాక్కున్న గొంగళిపురుగు కూడా టికెట్ లేకుండా పోతుంది.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలి. పటంలో ఒక పురుగుకు చుక్క పెట్టారంటే అక్కడ ఎవరో చూసి రాశారని అర్థం. చుక్క లేదంటే పురుగు లేదని కాదు. హాంప్సన్ అనే ఆయన నీలగిరి టీ తోటల్లో ఉండేవారు. 1891లో నీలగిరి రెక్కల పురుగుల మీద పుస్తకం వేశారు. అందుకని ఆ పుస్తకం నిండా నీలగిరి పురుగులే. మన కొండల్లో కూడా ఎవరో ఒకరు కూర్చుని రాసి ఉంటే మన వాగుల పేర్లు, ఊర్ల పేర్లు పుస్తకంలోకి ఎక్కేవి.

మా ఇంట్లో నాకంటే ముందు ఎవరూ బడికి పోలేదు. కానీ మా అవ్వ లక్క పుల్ల విరిచి, లోపల దారం, పొట్టు కనబడితే “పురుగు పట్టింది” అని వెంటనే చెప్పేస్తుంది. అవ్వకు గొంగళిపురుగు తెలుసు. పుస్తకానికి రెక్కల పురుగు తెలుసు. రెండూ ఒకటే అని కలిపి రాయాల్సింది చదువుకునే మనమే.

ఎలా తెలుసుకోవాలి? ఎలా కాపాడుకోవాలి?

పురుగు పట్టిన లక్క పుల్లను గాజు సీసాలో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టాలి. సీసా మీద తేదీ, ఊరు, చెట్టు పేరు రాసి అంటించాలి. రోజూ చూడాలి. ఏ గొంగళిపురుగు నుంచి ఏ రెక్కల పురుగు వచ్చిందో మనకే తెలుస్తుంది. చీమకంటే చిన్న కందిరీగలు కూడా రావచ్చు. వాటిలో కొన్ని లక్కకు శత్రువులు. కొన్ని ఈ గొంగళిపురుగులనే చంపే మన నేస్తాలు. అందుకే చూడకుండా మందు కొట్టకూడదు.

విత్తన లక్కను 60 మెష్ నైలాన్ వల సంచిలో పెట్టి చెట్టుకు కట్టాలి. లక్క పిల్లలు సన్నవి కాబట్టి కన్నాల్లోంచి బయటికి వస్తాయి. రెక్కల పురుగు రాలేక లోపలే ఉండిపోతుంది. మూడు వారాల్లోపు ఆ పుల్లలను చెట్టు నుంచి దించేయాలి. కోసిన లక్కను వెంటనే గీకి అమ్ముకోవాలి, మూలన పెట్టకూడదు.

మీకు పని

సెలవులకు ఊరికి పోయినప్పుడు పెద్దవాళ్లను ఈ మూడూ అడిగి రాసుకురండి.

1. మీ ఊళ్లో లక్క ఏ చెట్టు మీద ఉంది? లేకపోతే ఎప్పుడు పోయింది?

2. పురుగు పట్టిన లక్కను మన భాషలో ఏమంటారు?

3. పురుగు ఏ నెలలో ఎక్కువ?

ఒక్కొక్కరు ఒక్క ఊరు రాసినా చాలు. అన్నీ కలిపి మన గోడ పత్రిక మీద ఒక పటం గీద్దాం. పటం కింద తేదీ, చెప్పినవాళ్ల పేరు రాద్దాం. అవ్వ చెప్పిందని రాయడానికి సిగ్గుపడొద్దు. చూసినవాళ్లు చెప్పిందే సైన్సుకు మొదటి మెట్టు.

– 9వ తరగతి విద్యార్థిని