మన్ను తినాలనిపిస్తే రక్తపరీక్ష చేయించండి

కడుపుతో ఉన్న కోడలు బియ్యం చెరుగుతూ గుప్పెడు నోట్లో వేసుకుంటుంది. బడిపిల్ల బలపం కొరుకుతుంది. తొలకరి పడి మట్టి వాసన రాగానే కొందరికి నోరూరుతుంది. మన పల్నాటి పల్లెల్లో పెద్దవాళ్లు దీన్ని పాడు అలవాటని కసురుకుంటారు. కసిరితే పోయేది కాదిది. వైద్యులు దీన్ని 'పైకా' అంటారు. చాలామందిలో దీని వెనుక ఇనుము లోపం ఉంటుంది.

"మట్టిలో ఇనుము ఉంటుందిగా, తింటే మంచిదే" అనే మాట నమ్మకండి. కొన్ని రకాల మట్టి పేగులో ఇనుమునూ జింకునూ పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. దానితోపాటు నులిపురుగుల గుడ్లు కూడా లోపలికి పోతాయి. లోపం వల్ల కోరిక, కోరిక వల్ల మరింత లోపం.

1958లో ఇరాన్‌లోని షిరాజ్‌లో ఒక 21 ఏళ్ల యువకుడు వైద్యానికి వచ్చాడు. చూడటానికి పదేళ్ల పిల్లవాడిలా ఉన్నాడు. రోజూ అరకిలో దాకా మట్టి తినేవాడు. అతన్ని పరీక్షించినవారిలో మన దేశంలో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్ ఒకరు. ఇనుము ఇస్తే రక్తహీనత తగ్గింది. అలాంటివారిలో ఎదుగుదల ఆగడానికి జింకు లోపం కారణమని ఆయన తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

తల్లులారా, గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. ప్రభుత్వం ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 రోజులు వాడాలి. రక్తం తక్కువగా ఉంటే మోతాదు డాక్టరు పెంచుతారు. మాత్ర వేసుకుని వెంటనే టీ తాగితే సగం ఫలితం టీ పాలే! కాల్షియం మాత్రకూ దీనికీ రెండు గంటల ఎడం ఉంచండి. నిమ్మరసం, జామకాయ మేలు చేస్తాయి. మలం నల్లగా వస్తే భయపడవద్దు. చాలామందికి రక్తం పెరగకముందే, ఒకటి రెండు వారాల్లోనే, మన్ను మీద కోరిక తగ్గుతుంది. అప్పుడు మాత్రలు మానేయకండి. ఒంట్లో నిల్వ నిండటానికి నెలలు పడుతుంది. నులిపురుగుల మందు మొదటి మూడు నెలల్లో వద్దు, తర్వాత డాక్టరు చెబితేనే. గోడల పాత రంగు పెచ్చులు తినే పిల్లలకు సీసం విషం ఎక్కవచ్చు, ఆలస్యం చేయక చూపించండి.

లావవుతానన్న భయంతో తిండి మానే అమ్మాయిల జబ్బు వేరు. దానికి ఖనిజాల మాత్రలే మందు కాదు, మానసిక వైద్యం కావాలి. చాలా రోజులు పస్తున్న మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఇంట్లో బలవంతంగా తినిపించకుండా ఆసుపత్రికి తీసుకురండి. అక్కడ రక్తపరీక్షలు చేస్తూ కొద్దికొద్దిగా పెంచుతారు.