టెర్రస్ మీద సోలార్ ఉన్నా వరదలో ఫోన్ ఎందుకు చార్జ్ కాలేదు? ఆన్‌గ్రిడ్, హైబ్రిడ్ తేడా ఇదీ

2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్ నగర్‌ని ముంచేశాయి. మా బాబాయ్ వాళ్లది అక్కడే, రెండంతస్తుల ఇల్లు. కింద పోర్షన్ మునిగింది, అందరూ పైకి ఎక్కేశారు. ఏరియాలో కరెంట్ లేదు. ఆ సాయంత్రం బాబాయ్ నుంచి వచ్చిన చివరి వాట్సాప్ మెసేజ్ ఇదీ: "4 పర్సెంట్ ఉంది, ఆఫ్ చేస్తున్నా."

తర్వాత రెండు రోజులు ఫోన్ కలవలేదు. డ్రోన్లతో అన్నం ప్యాకెట్లు వేస్తున్న వీడియోలు చూస్తూ, అందులో మా వాళ్ల డాబా కనిపిస్తుందేమోనని వెతుక్కున్నాం.

ఇక్కడే అసలు సంగతి. ఆ డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది. ఆ ఎండాకాలమే పెట్టించారు. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు. ఇన్వర్టర్ పై అంతస్తులో ఉంది, దానికి చుక్క నీరు తగల్లేదు. మూడో రోజు ఎండ కూడా కాసింది. అయినా డిస్‌ప్లే మీద ఎర్ర లైటు, గ్రిడ్ లేదు అన్న మెసేజ్. బయటికొచ్చాక బాబాయ్ నన్ను అడిగిన మొదటి మాట: "ఒరేయ్, నెత్తిమీద పవర్ ప్లాంట్ పెట్టుకుని చీకట్లో కూర్చున్నాం. ఇదేం గ్యాడ్జెట్ రా?"

పాడైన గ్యాడ్జెట్ కాదు. అది చేయాల్సిన పనే చేసింది. అమ్మినవాళ్లు ఆ విషయం చెప్పలేదు, అంతే.

మన ఇళ్ల మీద ఎక్కువగా పెడుతున్నది ఆన్‌గ్రిడ్ సిస్టమ్. ప్యానెల్ ఇచ్చే డీసీని ఇన్వర్టర్ ఏసీగా మార్చి, వీధి లైన్‌తో కలుపుతుంది. కలపాలంటే లైన్‌లో ఉన్న 230 వోల్టులు, 50 హెర్ట్జ్ తాళానికి తన తాళం కలపాలి. భజనలో తాళం వేసేవాడు ఆగిపోతే మిగతావాళ్లు ఆగినట్టు, లైన్ పోగానే ఈ ఇన్వర్టర్ కూడా ఆగాలి. దీన్ని యాంటీ ఐలాండింగ్ అంటారు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం లైన్ పోయిన 2 సెకన్లలోపు ఇన్వర్టర్ తప్పుకోవాలి. ఎందుకంటే వీధిలో కరెంట్ తీసేసి లైన్‌మ్యాన్ స్తంభం ఎక్కినప్పుడు, మీ డాబా మీంచి కరెంట్ వెనక్కి వెళ్తే అతని ప్రాణం పోతుంది. వరదలో అయితే నీళ్లలో నడుస్తున్న మనుషులున్నారు. కాబట్టి ఈ ఫీచర్‌ని తిట్టుకోకండి.

కొందరు తెలివిగా ఒక ట్రిక్ అడుగుతుంటారు. ఇంట్లో మామూలు ఇన్వర్టర్, ట్యూబులర్ బ్యాటరీ ఉన్నాయిగా, దాని అవుట్‌పుట్‌ని లైన్ అనుకునేలా సోలార్ ఇన్వర్టర్‌ని మోసం చేస్తే? వద్దు. ఇంట్లో వాడకం తగ్గగానే మిగిలిన సోలార్ కరెంట్ ఆ మామూలు ఇన్వర్టర్‌లోకే వెనక్కి తోసుకొస్తుంది. అది దానికి తయారైంది కాదు, కాలిపోతుంది.

సరైన దారి హైబ్రిడ్ ఇన్వర్టర్. లైన్ పోతే ఇది వీధి నుంచి పూర్తిగా విడిపోయి, బ్యాటరీ సాయంతో తన తాళం తనే వేసుకుంటుంది. స్పెక్ షీట్‌లో బ్యాకప్ అవుట్‌పుట్ ఎన్ని వాట్లో, స్విచింగ్ టైమ్ ఎంతో చూడండి. 20 మిల్లీసెకన్లలోపు ఉంటే రౌటర్ రీస్టార్ట్ కూడా అవదు.

బ్యాటరీ 5 కిలోవాట్ అవర్ ఎల్ఎఫ్‌పీ అనుకుందాం. వాడుకోదగ్గది సుమారు 4,500 వాట్ అవర్లు. బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు 60 వాట్లు, 9 వాట్ల ఎల్ఈడీలు నాలుగు 36, రౌటర్ 10. మొత్తం 106 వాట్లు. అంటే దాదాపు 42 గంటలు, అదీ ఒక్క కిరణం ఎండ లేకుండా. రోజుకు ఒక యూనిట్ తాగే ఫ్రిజ్ కలిపితే 30 గంటలు. మరి ఫోన్? 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే సుమారు 19 వాట్ అవర్లు, నష్టాలతో 25 వేసుకోండి. 180 ఫోన్లు చార్జ్ చేయొచ్చు. వీధి మొత్తానికి సరిపోను! ఈ లెక్క చెప్పినప్పుడు బాబాయ్ ఏమీ అనలేదు, కాసేపు అలా ఊరుకున్నాడు.

ఇప్పుడు డబ్బు సంగతి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కి 30,000, 3 లేదా ఆపైన మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తున్నారు. బాబాయ్ సిస్టమ్ 1,95,000కి వచ్చింది, సబ్సిడీ పోగా 1,17,000. మన ఎండకి కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది, అంటే నెలకు 360. మేలో ఇంకా దంచేస్తుందనుకుంటారు గానీ, ప్యానెల్ వేడెక్కేకొద్దీ 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతుంది. బెజవాడ ఎండలో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 14 శాతం గాలికే.

ఏసీతో నెలకు 400 యూనిట్లు కాల్చే ఇల్లయితే, ఆంధ్రాలో 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం (226వ యూనిట్ నుంచి 8.75 రూపాయలు!) ఎనర్జీ చార్జీలు సుమారు 2,548. సోలార్ 360 కొట్టేస్తే మిగిలిన 40 యూనిట్లకు 87. నెలకు 2,461 మిగులు, నాలుగేళ్లలో పెట్టుబడి వెనక్కి. బ్యాటరీ మాత్రం ఈ లెక్కలోకి రాదు. నెట్ మీటరింగ్‌లో గ్రిడ్డే మీకు ఫ్రీ బ్యాటరీ లాంటిది కాబట్టి, అసలు బ్యాటరీ పెట్టినా బిల్లు పెద్దగా తగ్గదు. పథకంలో దానికి విడిగా సబ్సిడీ కూడా లేదు. బాబాయ్‌కి ఇన్వర్టర్ మార్చి బ్యాటరీ పెట్టడానికి అదనంగా 1,30,000 కొటేషన్ వచ్చింది. అది బీమా ప్రీమియం లాంటిదే. సింగ్ నగర్‌లో ఉంటే నేను కడతాను. కొండ మీద ఇల్లుంటే బహుశా కట్టను.

పెద్ద స్థాయిలో చౌక అన్నది ఎప్పుడో తేలిపోయింది. 2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్క్ వేలంలో యూనిట్ ధర 3.15 రూపాయలకు దిగింది. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌కి బొగ్గు రైలెక్కి రావాలి. ఆ 2024 వర్షాల్లోనే కేసముద్రం దగ్గర కాజీపేట-విజయవాడ ట్రాక్ కింద కట్ట కొట్టుకుపోయింది. ఎండకి ట్రాక్ అక్కర్లేదు. కానీ రాత్రికి దాచుకునే ఏర్పాటు కావాలి, ఇంటికైనా రాష్ట్రానికైనా.

కృష్ణా డెల్టాలో ఉండేవాళ్లకి ఇన్‌స్టాలేషన్ గురించి ఒక మాట. ఇన్వర్టర్, బ్యాటరీ పై అంతస్తులోనే పెట్టించండి. అంతకన్నా ముఖ్యం, బ్యాకప్ లైన్‌ని పై అంతస్తుకే విడిగా వేయించండి. కింద మునిగిన సాకెట్లకు మీ సొంత బ్యాటరీయే కరెంట్ పంపితే, వీధిలో కరెంట్ తీసేసి లాభమేంటి? కొబ్బరి చెట్టు నీడ పడుతుందా అన్నది కూడా చూడండి. ఒక్క మట్ట నీడ చాలు, ఆ ప్యానెల్‌లో మూడో వంతు పడుకుంటుంది.

డబ్బు పూర్తిగా ఇచ్చే ముందు ఒక టెస్ట్ చేయించండి. మధ్యాహ్నం 12 గంటలకు, టెక్నీషియన్ ఉండగానే, మెయిన్ ఎంసీబీ ఆఫ్ చేయమనండి. బాబాయ్ వాళ్లింట్లో మొన్న మార్చిలో చేశాం. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, వైఫై పోలేదు. మిక్సీ మాత్రం ఆగిపోయింది, అది బ్యాకప్ లైన్‌లో లేదు. వంటింట్లోంచి పిన్ని కేకేసింది: "లక్ష పైన పోసి కొన్నారుగా, చట్నీ సగంలో ఆగిందేంటి?"