సంచులకొక సంచి

ఈ సంవత్సరము మా పాఠశాలలో ఏడవ తరగతి బాలబాలికలకు చేతిపనుల గంటలో ప్లాస్టిక్ సంచులను దాచు గుడ్డగొట్టమును కుట్టుట నేర్పితిమి. ఇంట మీరును కుట్టుకొనదగినది గావున దానిని గూర్చి వ్రాయుచున్నాము.

తమిళనాట 2019 జనవరి 1 నుండి ప్లాస్టిక్ చేతిసంచులు నిషేధింపబడినవి. 2021 డిసెంబరులో ప్రభుత్వమువారు పసుపుపచ్చని గుడ్డసంచిని మరల వాడుకలోనికి తెచ్చు ప్రయత్న మారంభించిరి. అయినను మన వంటయిండ్లలో తలుపు వెనుకను, బియ్యపు డబ్బా మీదను అవి ఇంకను ఉండలుగా పడియున్నవి. వీథిలో పారవేసిన మురుగుకాలువ కడ్డుపడును. ఆవు మ్రింగిన అరుగక దాని కడుపులోనే నిలిచిపోవును. పసిబిడ్డ ముఖమునకు తగులుకొన్నచో ఊపిరాడదు. ఉన్నవానిని బిడ్డల చేతి కందని యెత్తున నుంచి, చిరుగువరకు మరల మరల వాడుకొనుట మేలు.

పాత నూలుచీరలో చిరుగని చోటునుండి 22 అంగుళముల పొడవు, 18 అంగుళముల వెడల్పు గల ముక్కను కత్తిరింపవలెను. పావు అంగుళపు ఎలాస్టిక్ పట్టీ 9 అంగుళములదొకటి, 6 అంగుళములదొకటి, 8 అంగుళముల బొందు, ఒక పిన్నీసు కావలెను. గుడ్డ పైయంచును, క్రిందియంచును మొదట పావు అంగుళము, తరువాత ముప్పావు అంగుళము లోపలికి మడచి కుట్టిన రెండు దారులేర్పడును. పిన్నీసు సాయమున పైదారిలో పెద్ద పట్టీని, క్రిందిదారిలో చిన్నదానిని దూర్చి, కొనలు జారకుండ రెండు ప్రక్కలను బిగించి కుట్టవలెను. గుడ్డ కుచ్చులు పడును; బెదరనక్కరలేదు. పిమ్మట మంచివైపు లోనికి వచ్చునట్లు నిలువుగా మడచి, బొందును రెండుగా మడచి దాని కొనలను పైమూల అంచులమధ్య నుంచి, అంచునుండి అర అంగుళము లోపలగా పైనుండి క్రిందివరకు కుట్టి తిరగవేయవలెను. చేతితో కుట్టువారు ప్రతి కుట్టునకు సూదిని కొంచెము వెనుకకు తెచ్చి ముందుకు పోనిచ్చిన, కుట్టు మిషనుకుట్టువలె గట్టిగా నుండును.

మొదటి నమూనాను మేమే కుట్టితిమి. క్రింది పట్టీని 4 అంగుళములే వేయుటచే, సంచిని లాగగా గొట్టమే మేకునుండి ఊడి వచ్చినది! పైగా గుడ్డమీది చిలుకలన్నియు తలక్రిందులు. పిల్లలు చాలసేపు నవ్విరి. ఆ నవ్వునుండియే లెక్క పుట్టినది. 6 అంగుళముల పట్టీలో కుట్టునకు 1 అంగుళము పోగా 5 మిగులును. దానిని 22తో భాగించి 7తో గుణించిన ద్వారపు వ్యాసము ఒకటిన్నర అంగుళమునకు కొంచెము మించును. ఒక్కొక్క సంచి జారివచ్చుటకు అది చాలును. పుస్తకములో ఒంటబట్టని వృత్తపరిధి అనేకులకు ఆనాడు తెలిసినది.

మగపిల్లల చేత సూది పట్టించుటేల యని కొందరు తండ్రులడిగిరి. మన వీథి దర్జీలు పురుషులే గదా. చేతిపని ద్వారా చదువు చెప్పవలెనని 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించినప్పుడును అది బాలికలకు మాత్రమే యనలేదు.

మరియొక విషయము మమ్ము కొంత కలతపెట్టినది. పిల్లలు సూదిని ఊసి యనియు, దారమును నూలనియు పిలిచిరి. ఇరుగుపొరుగుల తమిళమాటలవి, తప్పని మేము దిద్దలేదు. నూలు మనకును కలదు గాని, నేతకు నూలు, కుట్టునకు దార మందుము. బొందన నేమో తరగతిలో ఒక్కరికిని తెలియలేదు. మరునాడొక బాలిక అవ్వనడిగి బొందు, కుచ్చు, టాకా, కాజా అను మాటలను చీటిపై వ్రాసికొని వచ్చినది. ఆ చీటిని తరగతి గోడకు అంటించితిమి.

గొట్టములో తడిసంచిని వేయరాదు, ముక్కవాసన పట్టును. కడిగి, ఆరవేసి, గాలి పోవునట్లు నలిపి పైనుండి దూర్చవలెను. వచ్చే జూనులో ఆరవ తరగతికిని ఈ పాఠము చెప్పనున్నాము. పాత చీరముక్కలుండిన పిల్లలచే పంపుడు. ఇంటి అవ్వలు పలుకు కుట్టుమాటలు మరేవైనను ఉండిన, వానినిగూడ ఒక చీటిపై వ్రాసి పంపుడు, గోడమీద చోటున్నది.