పాఠం 12: డయల్ గేజి కొనే ముందు

12.1 పరిచయం

ఇంటి పక్క షెడ్డులో ఒక పాత లేత్ మిషను వేసుకుని బుష్‌లు, పిన్నులు, మోటారు షాఫ్టులు చేసి ఇచ్చే పనివారు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. మీరు కూడా వారిలో ఒకరు కావచ్చు. లేదా అలాంటి పని మొదలుపెట్టాలని అనుకుంటూ ఉండవచ్చు.

ఒక రైతు తన పంపు షాఫ్టును మీ దగ్గరకు తెచ్చాడనుకోండి. అది వంగిందా, లేదా? కంటికి తిన్నగానే కనిపిస్తుంది. కాని మిల్లీమీటరులో పదో వంతు వంపు ఉన్నా పంపు అదురుతుంది, సీలు దగ్గర నీరు కారుతుంది, బేరింగు త్వరగా అరుగుతుంది. పైరుకు నీరు కావలసిన రోజుల్లోనే పంపు ఆగిపోతుంది. నష్టం రైతుది, చెడ్డపేరు మీది. ఈ వంపును ముందే పట్టి చూపే సాధనం డయల్ గేజి. దీన్నే డయల్ ఇండికేటర్ అని కూడా అంటారు.

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
- డయల్ గేజి ఎలా పనిచేస్తుందో చెప్పగలుగుతారు;
- మీ పనికి తగిన గేజిని తక్కువ ఖర్చులో ఎంచుకోగలుగుతారు;
- కొనే ముందు దాన్ని పరీక్షించగలుగుతారు.

12.2 డయల్ గేజి పనిచేసే తీరు

గేజి కింద ఒక సన్నని కడ్డీ ఉంటుంది. దీన్ని ప్లంజరు అంటారు. దీని మీద పళ్లు ఉంటాయి. ప్లంజరు పైకి కదిలితే ఆ పళ్లు లోపలి చిన్న చక్రాలను తిప్పుతాయి. చక్రాలు ముల్లును తిప్పుతాయి. అంటే చిన్న కదలిక పెద్దదై కనిపిస్తుంది. ఇదంతా గడియారం పనితనమే. 1883లో దీనికి పేటెంటు పొందిన జాన్ లోగన్ అమెరికాలోని వాల్తామ్ వాసి. ఆ ఊరు గడియారాల తయారీకి పేరు పొందింది.

సాధారణ గేజిలో ముఖం మీద 100 గీతలు ఉంటాయి. ముల్లు ఒక చుట్టు తిరిగితే 1 మి.మీ. కాబట్టి ఒక గీత 0.01 మి.మీ. అంటే తలవెంట్రుక మందంలో సుమారు ఏడో వంతు. ఎన్ని చుట్లు తిరిగిందో చిన్న ముల్లు చెబుతుంది.

ఒక మాట గుర్తుంచుకోండి. డయల్ గేజి తేడాను చూపుతుంది. జాబు వ్యాసం ఎంతో అది చెప్పదు. అందుకు మైక్రోమీటరు కావాలి.

12.3 ఏది కొనాలి?

మొదటి గేజిగా 10 మి.మీ. కదలిక, 0.01 మి.మీ. గీత ఉన్న ప్లంజరు రకం చాలు. 0.001 మి.మీ. గేజి ఖరీదు ఎక్కువ. పాత లేత్ అదురుకు దాని ముల్లు ఒకచోట నిలవదు.

పాత సామాన్ల అంగడిలో కొంటే ముఖం మీది అంకెలను జాగ్రత్తగా చదవండి. అంగుళాల గేజి కూడా ఇలాగే కనిపిస్తుంది. దానిలో ఒక గీత అంగుళంలో వెయ్యో వంతు, అంటే 0.0254 మి.మీ. తెలియక వాడితే ప్రతి కొలతా తప్పుతుంది. ప్లంజరు చుట్టూ ఉండే గొట్టం వ్యాసం మెట్రిక్ గేజిలో 8 మి.మీ. ఉంటుంది. అది మీ స్టాండు రంధ్రంలో పడుతుందో లేదో చూడండి.

లివరు రకం గేజి సన్నని రంధ్రాలలో, ఇరుకు చోట్ల పనికివస్తుంది. కాని దాని కదలిక సుమారు 0.8 మి.మీ. మాత్రమే. దీన్ని తర్వాత కొనవచ్చు. అంకెలు చూపే డిజిటల్ గేజి చదవడం సులువు. అయితే జాబును చక్‌లో మధ్యకు తెచ్చేటప్పుడు ముల్లు ఊగే తీరును చూడటమే కంటికి తేలిక. పైగా ముల్లు గేజికి బ్యాటరీ అక్కరలేదు.

పుణేకు చెందిన బేకర్, జపానుకు చెందిన మిటుటోయో పేరున్న రకాలు. పేరున్న గుర్తులకు నకిలీలు కూడా ఉంటాయి. ప్లంజరు గేజిలకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2092. కొత్త గేజి కొనేటప్పుడు ఇది ఆ ప్రమాణానికి తగినదేనా అని అడగండి.

12.4 డబ్బు ఇచ్చే ముందు ఐదు పరీక్షలు

అంగడికి వెళ్లేటప్పుడు జేబులో ఒక ఫీలర్ గేజి పెట్టుకోండి. అక్కడే ఉన్న స్టాండుకు గేజిని బిగించి ఇలా చేయండి.

1. ప్లంజరును నెమ్మదిగా నొక్కి వదలండి. ముల్లు ఎక్కడా ఆగకుండా, గెంతకుండా కదలాలి.
2. ప్లంజరును చదునైన ఇనుప పలక మీద ఆనించండి. దాన్ని కొద్దిగా ఎత్తి వదలండి. ఇలా ఐదుసార్లు చేయండి. ముల్లు ప్రతిసారీ అదే గీతకు రావాలి. అర గీతకు మించి తేడా ఉంటే వద్దు.
3. ప్లంజరును వేలితో పక్కకు మెల్లగా తోయండి. ముల్లు బాగా కదిలితే లోపల అరిగిందని అర్థం.
4. ప్లంజరు కింద 0.10 మి.మీ. ఫీలర్ రేకు పెట్టండి. ముల్లు 10 గీతలు జరగాలి. గేజి ఎత్తు మార్చి, కదలిక మొదట్లో, మధ్యలో, చివరలో ఇదే చేయండి. పళ్లు ఒకచోట మాత్రమే అరిగి ఉంటే ఇక్కడ బయటపడుతుంది.
5. ముఖాన్ని తిప్పి సున్నా దగ్గర బిగించండి. అది తనంతట తాను జరగకూడదు.

గేజి బిగుతుగా కదులుతుంటే నూనె వేయమని కొందరు చెబుతారు. ప్లంజరుకు నూనె వేయకండి. నూనెకు దుమ్ము అంటుకుని ఇంకా పట్టేస్తుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

12.5 స్టాండును చిన్నచూపు చూడకండి

మంచి గేజి కొని నాసిరకం స్టాండుకు బిగిస్తే స్టాండు ఊగును కూడా జాబు తప్పుగా చదువుతారు. అందుకే చేతిలో ఉన్న డబ్బును రెండింటికీ పంచండి. గేజి ఆనించి, స్టాండు కొయ్యను వేలితో తాకి వదలండి. ముల్లు తిరిగి అదే గీతకు రావాలి. అయస్కాంతపు స్టాండు ఇత్తడికి, అల్యూమినియానికి అంటుకోదు. మందమైన రంగు మీద దాని పట్టు తగ్గుతుంది.

12.6 చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు

ప్లంజరు జాబుకు నిటారుగా ఉండాలి. వాలితే ముల్లు అసలు కంటే ఎక్కువ చూపుతుంది. వాలు 60 డిగ్రీలైతే రెట్టింపు చూపుతుంది.

జాబును ఒక చుట్టు తిప్పినప్పుడు ముల్లు చూపే మొత్తం తేడాలో సగమే జాబు కేంద్రం తప్పిన దూరం. సున్నా పెట్టే ముందు ప్లంజరును సుమారు అర చుట్టు నొక్కి ఉంచండి. అప్పుడే ముల్లు రెండు వైపులా కదులుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. నాలుగు దవడల చక్‌లో జాబును తిప్పితే ముల్లు 0.00 నుంచి 0.24 మి.మీ. వరకు కదిలింది. జాబు కేంద్రం ఎంత తప్పింది?
2. 0.10 మి.మీ. రేకు పెడితే ముల్లు మొదట్లో 10, మధ్యలో 7, చివరలో 10 గీతలు జరిగింది. ఈ గేజిని కొంటారా? ఎందుకు?
3. అంగుళాల గేజి ముల్లు 10 గీతలు కదిలితే ఎన్ని మి.మీ.?

సారాంశం

తక్కువ ధర వేరు, నాసిరకం వేరు. ముల్లు ప్రతిసారీ ఒకే చోటికి వచ్చే సాధారణ గేజి, కదలని స్టాండు ఉంటే ఇంటి షెడ్డులో చాలా పనులు నమ్మకంగా చేయవచ్చు. కంపెనీలకు జాబులు ఇవ్వడం మొదలుపెడితే వారు సర్టిఫికెట్ అడగవచ్చు. అప్పుడు గుర్తింపు పొందిన ప్రయోగశాలలో గేజిని సరిచూపించుకోండి.

సమాధానాలు

1. 0.12 మి.మీ.
2. కొనకూడదు. మధ్యలో పళ్లు అరిగాయి.
3. 0.254 మి.మీ.