పాత బుల్లెట్ బాగుచేత: ఏది ముందు, ఏది వెనుక



బాగుచేయడానికి మన ప్రాంతంలో తేలిగ్గా దొరికే పాత మోటార్ సైకిల్ కాస్ట్ ఐరన్ ఇంజన్ ఉన్న బుల్లెట్ 350. ఇంగ్లండ్‌లోని రెడిచ్ పట్టణపు ఎన్‌ఫీల్డ్ కంపెనీతో కలిసి మద్రాస్ మోటార్స్ 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పింది. సైన్యం, పోలీసుల అవసరాలే దానికి తొలి ఊతం. మొదట్లో ఇంగ్లండ్ నుంచి విడిభాగాలు తెప్పించి బిగించేవారు. తర్వాత అన్నీ మద్రాసు దగ్గరి తిరువొత్తియూర్‌లోనే తయారయ్యాయి. ఇంగ్లండ్ కంపెనీ మూతపడ్డాక కూడా మద్రాసులో ఆ ఇంజన్ 2010 దరిదాపుల వరకు బతికింది. బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ., మొత్తం 346 సీసీ. పాత నమూనాల్లో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. కాస్ట్ ఐరన్ అనేది సిలిండర్ బ్లాకుకు సంబంధించిన మాట. దాని మీది హెడ్ అల్యూమినియందే.

అన్నేళ్లు డిజైన్ పెద్దగా మారకపోవడం వల్ల రెండు ఫలితాలున్నాయి. మొదటిది, సామాను ఇప్పటికీ దొరుకుతుంది. రెండోది, ఒక ఏడాది బండి సామాను ఇంకో ఏడాది బండికి చాలావరకు పట్టేస్తుంది. అందుకే అమ్మకానికి వచ్చే పాత బుల్లెట్లలో చాలా వాటి ట్యాంకు ఒక బండిది, ఇంజన్ మరో బండిది, ఫోర్కులు ఇంకో బండివి. బండిని అసలు రూపానికి తేవాలన్నా, సొంత అభిరుచికి మలచాలన్నా ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు తేలాలి. ఆ తర్వాత పని అంతటికీ ఒక్కటే నియమం: చేసిన మార్పు ఏదైనా రేపు తీసేసి పాత స్థితికి రాగలగాలి. బోల్టు విప్పితే పోయే మార్పుకు భయం లేదు. కోతమిషన్ పెట్టాల్సిన మార్పుకు నూరుసార్లు ఆలోచించాలి.

కాగితాలు మొదటి పని. క్రాంక్‌కేసు మీది ఇంజన్ నంబరు, ఫ్రేమ్ మెడ దగ్గరి చాసిస్ నంబరు ఆర్‌సీతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. అంకెల చుట్టూ గ్రైండింగ్ గీతలున్నా, అంకెలు వంకరటింకరగా ఉన్నా ఆ బండి జోలికి పోకూడదు. సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆపైన అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 1989కి ముందు నాటి మూడక్షరాల నంబరు బండ్ల వివరాలు కొన్ని ఇప్పటికీ కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. అలాంటప్పుడు మొదట రిజిస్టరైన ఆర్టీవో కార్యాలయంలో పాత రికార్డు తీయించి నమోదు చేయించాలి. ఆంధ్రప్రదేశ్ బండి తెలంగాణకు మారాలన్నా, తెలంగాణది ఆంధ్రప్రదేశ్‌కు రావాలన్నా ఎన్‌ఓసీ తప్పనిసరి. ఇవన్నీ తేలాకే బేరం.

బండి ఇంటికొచ్చాక విప్పే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీయాలి. వైర్లు ఎటు నుంచి ఎటు వెళ్లాయో, కేబుళ్లు ఫ్రేమ్‌కు ఏ పక్కగా దిగాయో, ఏ బోల్టు కింద ఎన్ని వాషర్లున్నాయో వాటిలో కనబడాలి. ఒక్కో భాగపు నట్లు బోల్టులు ఒక్కో సంచిలో వేసి పేరు రాయాలి. పాత బుల్లెట్లలో ఇంగ్లిష్ మరలు ఉంటాయి. తర్వాతి వాటిలో క్రమంగా మెట్రిక్ మరలు వచ్చాయి, రెండూ కలిసిన బండ్లూ ఉన్నాయి. మిల్లీమీటర్ పానాను బలవంతంగా ఇంగ్లిష్ నట్టుకు పెడితే మూలలు గుండ్రమైపోతాయి. సరిపోని మరను బిగిస్తే అల్యూమినియం కేసులోని మర చెడిపోతుంది. అందుకే అంగుళాల పానాల సెట్టు ఒకటి విడిగా ఉండాలి. తీసేసిన పాత సామాను, పనికిరానిదైనా సరే, పని ముగిసేదాకా పారేయకూడదు. కొత్తది కొనేటప్పుడు కొలతకు చూపించేది అదే. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, చెన్నై పుదుప్పేటలోనో దుకాణం ముందు నిలబడ్డప్పుడు మాటల్లో చెప్పే వర్ణన కంటే చేతిలోని అరిగిన ముక్కే ఎక్కువ పని చేస్తుంది.

ఇంజన్ విషయంలో తొందరపాటు తీర్పు చెల్లదు. బుల్లెట్‌కు ఆయిల్ ట్యాంకు విడిగా ఉండదు, క్రాంక్‌కేసులోనే ఒక గది ఆ పని చేస్తుంది. నెలల తరబడి కదలకుండా నిలిచిన బండిలో ఆ ఆయిల్ అరిగిన పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంకు తిరిగే గదిలోకి దిగిపోతుంది. అలాంటి బండి స్టార్ట్ కాగానే సైలెన్సర్ నుంచి దట్టంగా పొగ వస్తుంది. రింగులు పోయాయని అక్కడికక్కడే తేల్చి ఇంజన్ విప్పించేవాళ్లున్నారు. ముందు కింది బోల్టులు విప్పి పాత ఆయిల్ అంతా దించాలి. జల్లెళ్లు కడిగి, ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోసి కొంతసేపు నడిపి చూడాలి. అప్పటికీ నీలం పొగ ఆగకపోతేనే హెడ్ దించాలి.

హెడ్ దించాక చూడాల్సినవి మూడు. ఒకటి, బోరు అరుగుదల. కొలతలో తేడా తేలితే ముందు ఓవర్‌సైజ్ పిస్టన్ కొని, ఆ పిస్టన్‌ను లేత్ షాపుకు ఇచ్చి దాని కొలతకు బోరు తొలిపించాలి. బోరు ముందు తొలిపించి పిస్టన్ కోసం తిరిగితే సందు సరిగా కుదరదు. రెండు, బిగ్ ఎండ్. కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకుని పైకీ కిందికీ లాగితే ఏమాత్రం ఆట ఉండకూడదు. పక్కకు కొద్దిగా కదలడం సహజమే. మూడు, వాల్వులు, వాటి గైడ్లు. గైడ్లు వదులైతే రింగులు ఎంత కొత్తవైనా ఆయిల్ కాలుతూనే ఉంటుంది.

బిగించాక సెట్టింగులు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చిన చోట, పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. అదే ట్యాపెట్ కొలత. కాంటాక్ట్ పాయింట్ల మధ్య సందు 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. టైమింగ్ ముందుకు జరిగి ఉంటే కిక్ రాడ్ ఎదురు తంతుంది, పాదం దెబ్బతింటుంది. కాబట్టి టైమింగ్ సరిచూడకుండా మొదటి కిక్ కొట్టకూడదు. కిక్ కొట్టడానికీ పద్ధతి ఉంది. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఆమ్మీటర్ ముల్లు మధ్యకు వచ్చే వరకు కిక్ రాడ్‌ను మెల్లగా నొక్కాలి. డీకంప్రెసర్ పట్టుకుని పిస్టన్‌ను ఆ గట్టి చోటు కొద్దిగా దాటించాలి. డీకంప్రెసర్ వదిలి, రాడ్‌ను పైకి రానిచ్చి, ఒక్క నిండు కిక్ కొట్టాలి. బలం కంటే పిస్టన్ ఉన్న చోటు ముఖ్యం.

ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. అది పాత రబ్బరు పైపులను, కార్బురేటర్ వాషర్లను మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీల్చి ట్యాంకు లోపల తుప్పు పట్టిస్తుంది. పైపులు, వాషర్లు ఇథనాల్‌ను తట్టుకునేవి వేయాలి. బండి నెలలపాటు ఆగేటట్లయితే ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయాలి.

ఇంజన్ తర్వాతి స్థానం రంగుది కాదు, బ్రేకులది. పాత బుల్లెట్ ముందు చక్రపు డ్రమ్ము బ్రేకు నేటి రోడ్లకు అంతంతమాత్రం. లైనింగులు కొత్తవి వేయించి, డ్రమ్ము గుండ్రం తప్పితే లేత్ మీద సరిచేయించి, కేబుల్ మార్చాలి. చువ్వలు బిగించి రిమ్ము బెండు తీయించాలి. ఫోర్కుల ఆయిల్ సీళ్లు, స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, హ్యాండిల్ మెడ గోళీలు ఈ దశలోనే మార్చాలి. ఫ్రేమ్ మీద పాత వెల్డింగ్ అతుకులుంటే వాటి చుట్టూ బీటలున్నాయేమో వెతకాలి. వైరింగ్ కూడా ముక్కలు అతికించడం మాని మొత్తం కొత్తది వేసి, ఫ్యూజు తప్పక పెట్టాలి. 6 వోల్టుల బండిని 12 వోల్టులకు మార్చుకోవచ్చు. తీసిన సామాను దాచి ఉంచితే ఆ మార్పు ఎప్పుడైనా వెనక్కి వస్తుంది.

రంగు ఆఖరి పని. ఇల్లు అలకగానే పండగ కానట్టే, ట్యాంకు మెరవగానే బండి సిద్ధమైనట్టు కాదు. అయినా చాలామంది డబ్బు మొదట ఖర్చయ్యేది ఇక్కడే, ఇంజన్‌కు వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలదు. తుప్పు తీయడానికి ఇసుక బ్లాస్టింగ్ చేయించేటప్పుడు చాసిస్ నంబరు మీద, బేరింగులు కూర్చునే చోట్ల టేపు వేసి కప్పించాలి. పౌడర్ కోటింగ్ మందంగా పడితే నంబరు పూడిపోతుంది, ఆర్టీవో తనిఖీలో అదే చిక్కు తెస్తుంది. సొట్టలను పుట్టీతో పూడ్చే బదులు టింకరింగ్‌తో తీయించాలి. మందంగా పూసిన పుట్టీ బుల్లెట్ అదురుకు పగుళ్లిస్తుంది. ట్యాంకు మీది బంగారు గీతలు చెన్నై ఫ్యాక్టరీలో చేతితో, కుంచెతో వేసినవే. స్టిక్కర్ అంటించే బదులు బోర్డులు రాసే పెయింటర్ చేత వేయిస్తే అసలు రూపానికి దగ్గరగా వస్తుంది.

సొంత అభిరుచికి మలచుకోవడంలో చట్టం గీసిన హద్దులు తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసిన వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన నిర్దేశాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్నే స్థిరపరిచింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఫ్రేమ్ వెనక భాగం కోయడం, వేరే ఇంజన్ ఎక్కించడం, లోపలి పొరలు తీసేసి సైలెన్సర్‌ను మోగించడం ఈ కోవలోకి వస్తాయి. రంగు మారిస్తే ఆర్‌సీలో నమోదు చేయించాలి. సీటు గుడ్డ, చేతి పట్టులు, అద్దాలు, సంచి తగిలించే స్టాండు వంటివి బోల్టు విప్పితే పోయేవి. మనసుకు నచ్చిన రూపం చాలావరకు వీటితోనే వస్తుంది.

తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి 2021లో వచ్చిన నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే అలాంటి బండిని రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోల్‌కు తీసుకెళ్లడానికి మాత్రమే వీలుంది. రోజూ ఎక్కాలనుకునే బండికి మామూలు రిజిస్ట్రేషనే మేలు.

బాగుచేసిన ఇంజన్‌కు మొదటి వెయ్యి కిలోమీటర్లు పథ్యం కాలం. వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు. పెద్ద గేరులో ఇంజన్‌ను ఈడ్పించకూడదు, ఇద్దరు ఎక్కి ఘాట్లు ఎక్కించకూడదు. తొలి 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చి, హెడ్ నట్లు మళ్లీ బిగించి, ట్యాపెట్లు, పాయింట్లు, చైన్లు సరిచూడాలి. దించిన ఆయిల్‌ను పలచని గుడ్డలో వడకట్టి చూడాలి. సన్నని మెరుపు పొడి సహజం, ముక్కలు కనిపిస్తే మాత్రం ఇంజన్ మళ్లీ విప్పాల్సిందే. ఆ పరీక్ష గట్టెక్కిన బండికి పని తేదీలు, వేసిన సామాను, పిస్టన్ కొలత ఒక నోటు పుస్తకంలో రాసి ఆర్‌సీ నకలుతో కలిపి ఉంచితే, తర్వాత ఆ బండి మీద చేయి వేసే మెకానిక్‌కు ఏ కొలత దగ్గర మొదలుపెట్టాలో తెలుస్తుంది.